తీసేయడం మరిచిన బరువు

మదనపల్లె టమాటా మండీలో నా పని తూకం వేయడం. పన్నెండేళ్లుగా అదే పని. క్రేటు నేల మీద నుంచి లేచి కాటా మీద కూర్చునే లోపే అది ఎంత తూగుతుందో నా చేతులకు తెలిసిపోతుంది. నాతో పందెం కట్టి ఓడి, టీ తాపించి పోయిన రైతులు చాలామందే ఉన్నారు. అట్లాంటి రెడ్డెప్ప, అంటే నేను, సొంత కూతురి బరువును పదహారు రోజులు తప్పుగా చదివాను. చదివి ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఆ తప్పుడు అంకెను పట్టుకుని నా భార్య రేణుక నోరు మూయించాను.

ఇప్పుడు బిడ్డ బాగుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చదివేవాళ్లు గుండె చేత్తో పట్టుకుని చదవకూడదని. నాకైతే జరిగింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మండీలో పని మధ్యలో ఉన్నట్టుండి ఆ పొద్దు గుర్తొస్తుంది, ఎత్తిన క్రేటు చేతుల్లో అట్లాగే ఆగిపోతుంది. రాసుకుంటే కొంచెం నెమ్మదిస్తుందేమోనని రాస్తున్నాను. నెలలు నిండని బిడ్డను ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా చదివితే, మేం చేసిన పని చేయకుండా ఉంటారని కూడా.

అక్టోబరు, కుప్పం

ఏడో నెల రాగానే రేణుకను పుట్టింటికి తీసుకుపోయారు. వాళ్లది శాంతిపురం దగ్గర పల్లె. పోయి పది రోజులు కూడా కాలేదు. పొద్దున మండీలో వేలం జోరు మీద ఉండగా అత్త ఫోను చేసింది.

"అప్పా, రేణుకకు ఉమ్మనీరు పోయింది. కుప్పం ఆస్పత్రికి తెచ్చినాం. నువ్వు రా."

"ఇంకా రెండు నెలలుండాది గదత్తా," అన్నాను, నేను గుర్తు చేస్తే బిడ్డ ఆగుతుందన్నట్టు.

పలమనేరు, వి.కోట మీదుగా నేను కుప్పం చేరేసరికి బిడ్డ పుట్టేసింది. ఆడపిల్ల. అద్దం వెనక పెట్టెలో పెట్టారు. ముఖం సరిగా చూడకముందే నేను సిస్టర్‌ను అడిగిన మొదటి మాట "ఎంత బరువు?" అని. కిలో మూడు వందలు అంది. మండీలో కిలో మూడు వందలంటే మేం తల తిప్పి కూడా చూడం. క్రేటు పైనుంచి పది కాయలు దొర్లి పడితే అంత ఉంటుంది, వాటిని ఎవరూ ఏరుకోరు. ఆ ఆలోచన రాగానే గోడకు ఆనుకున్నాను.

బిడ్డ ముక్కులో సన్నని గొట్టం. పల్చటి చర్మం కింద నరాలు కనిపిస్తున్నాయి. ఏడుస్తోందని నోరు చూసి తెలుసుకోవాల్సిందే, ఇవతలికి ఏమీ వినిపించదు. అత్త నా పక్కన నిలబడి, "ముక్కు నీదేనప్పా" అంది. నాకు ఏ ముక్కూ కనిపించలేదు, గొట్టమే కనిపించింది.

బయట హాల్లో తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు, మనవాళ్లు కలగలిసి చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. సిస్టర్ తలుపు తీస్తే చాలు, మూడు భాషల్లోనూ ఒకటే ప్రశ్న, ఎంత పెరిగింది అని. పది గ్రాములు పెరిగిందంటే ఆ ఇంటివాళ్లు అందరికీ బిస్కెట్లు పంచేవాళ్లు. తగ్గిందంటే మాత్రం వాళ్ల వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు. మేమూ రెండు సార్లు బిస్కెట్లు పంచాం. నాలుగు సార్లు తల వంచుకుని కూర్చున్నాం.

ఆ హాల్లో పెద్దపంజాణి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె కూతురికి కవలలు పుట్టి, ఒక్కడే మిగిలాడు. అంత కష్టంలోనూ ఆమె మా అత్తకు చాప మీద చోటిచ్చింది, తన డబ్బాలోని సంగటి సగం పెట్టింది. ఒకరోజు నన్ను పట్టుకుని అడిగింది.

"ఏమప్పా, వచ్చినప్పుడల్లా బరువు బరువంటావు. పాలు ఎంత తాగిందని అడగవా? తాగితే బరువు యాడికి పోతాది?"

నేను నవ్వేశాను. తూకం మనిషికే తూకం సంగతి చెబుతోంది చూడు అనుకున్నాను మనసులో.

రేణుక పాలు పిండి గిన్నెలో పట్టి లోపలికి ఇచ్చేది. వాటిని గొట్టంలో నుంచి బిడ్డకు పోసేవాళ్లు. మొదట్లో గిన్నె అడుగు కూడా తడిసేది కాదు. ఆ గిన్నె చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "నా వల్ల ఇంతేనా మామా" అని ఏడ్చేది. ఒక సిస్టర్ మాత్రం ఆ రెండు చుక్కల్నే రెండు చేతులా అందుకుని, "ఇది మందమ్మా, ఒక్క చుక్క పారేయొద్దు" అంది. ఆ మాటతో రేణుక ముఖం వెలిగింది. ఆ సిస్టర్ పేరు కూడా మేం అడగలేదు, ఇప్పుడు బాధగా ఉంది.

మూడు వారాలకు గొట్టం తీసి ఉగ్గుగిన్నెతో పాలు పట్టడం మొదలుపెట్టారు. ఆ రోజు నన్ను కూడా లోపలికి పిలిచారు. "ఎత్తుకోప్పా, నీ బిడ్డేగదా" అంది సిస్టర్. నేను నా చేతులు చూసుకున్నాను. టమాటా పసరు గోళ్ల సందుల్లోకి నల్లగా దిగి ఉంటుంది, ఎంత తోమినా పోదు. "వద్దులేమ్మా, మా అత్త ఎత్తుకుంటాది" అని వెనక్కి జరిగాను. మురికి అన్నది సాకు. అసలు సంగతి భయం. ముప్పై కిలోల క్రేట్లు రోజంతా ఎత్తే చేతులు కిలోన్నర బిడ్డను చూసి భయపడ్డాయి.

ఐదు వారాలకు కిలో ఏడు వందలకు వచ్చింది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. రెండు గంటలకొకసారి నిద్ర లేపి అయినా పాలు పట్టాలి. రొమ్ము పట్టాక, ఇంకా కొన్ని పాలు పిండి గిన్నెతో తాపాలి. వారానికొకసారి డాక్టరుకు బరువు చూపించాలి. మూడింటికీ మేమంతా తలలూపాం. పాటించింది మూడోదాంట్లో బరువు చూడడం ఒక్కటే, అదీ మాకు తోచినట్టు.

నవంబరు, పుంగనూరు

పుట్టింట్లో ఉండాల్సిన బాలింతను నేనే పట్టుబట్టి పుంగనూరుకు, మా ఇంటికి తెచ్చుకున్నాను. మదనపల్లెలో పిల్లల డాక్టరు ఉంది, దగ్గరవుతుందని. అత్త కూడా వచ్చింది. మా అమ్మ ఎట్లాగూ ఉంది. ఇద్దరు అవ్వలు, మధ్యలో ఒక్క బిడ్డ.

ఇంట్లో తూకం మనిషిని పెట్టుకుని వారం దాకా ఆగడం దేనికని, తెలిసిన అంగట్లో నుంచి పప్పులు తూచే చిన్న కాటా తెచ్చాను. మొదటి రోజే దుప్పటి, లోపలి గుడ్డ, టోపీ, అన్నీ కలిపి బిడ్డ లేకుండా తూచాను. మూడు వందల యాభై గ్రాములు. ఆ అంకెను గోడ మీది క్యాలెండరులో రాసుకున్నాను. ఇక రోజూ బిడ్డను చుట్టిన గుడ్డలు విప్పకుండానే తూచడం, వచ్చినదాంట్లో ఆ మూడు వందల యాభై తీసేయడం. చలికి బిడ్డను విప్పే బాధ లేదు. మండీలో మేం చేసేది ఇదే. ప్రతి క్రేటునూ ఖాళీ చేసి తూచుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే ఖాళీ క్రేటుకు ఇంత అని ముందే అనుకుని, అందరికీ అంతే తీసేస్తాం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం నేను మండీ నుంచి రాగానే తూకం. గదిలో ఆడవాళ్లు బిడ్డను చుట్టి సిద్ధం చేసేవాళ్లు. అమ్మ ఎత్తుకొచ్చి కాటా మీద పడుకోబెట్టేది. నేను అంకె చదివి, తీసేయాల్సింది తీసేసి, క్యాలెండరు మీద రాసేవాడిని. బిడ్డను తాకేవాడిని కాదు.

నాలుగో రోజు, పదిమందిని కూడా పిలవకుండా ఇంట్లోనే భువన అని పేరు పెట్టాం. అత్త వెండి మొలతాడు కట్టింది. దాన్ని చూసి అమ్మ ఊరుకుంటుందా? మరుసటి రోజు పెట్టె తెరిచి నా చిన్ననాటి కాలి కడియాలు తీసింది. "వాళ్లవ్వ పెడితే, ఈ అవ్వ పెట్టకూడదా?" అంది. అత్త వెంటనే మామకు ఫోను చేసి పల్లె నుంచి చేతి మురుగులు తెప్పించింది. అమ్మ మళ్లీ ఒక తాయెత్తు కట్టించింది. వియ్యపురాళ్ల పోటీ అంతా బిడ్డ ఒంటి మీద జరిగింది. నేను, రేణుక చాటుగా నవ్వుకున్నాం. ఆ నెలలో మేమిద్దరం కలిసి నవ్వింది ఆ ఒక్కదానికే.

ఆ వారమే చలి ముదిరింది. పల్చటి దుప్పటి పోయి మందపు దుప్పటి వచ్చింది. ఉన్ని స్వెట్టరు వచ్చింది, మేజోళ్లు వచ్చాయి, లోపల గుడ్డ మీద గుడ్డ పెరుగుతూ పోయింది.

కాటా మీద అంకె రోజూ పెరుగుతూనే ఉంది. ఒక రోజు పది, ఒక రోజు ముప్పై. పేరు పెట్టిన రోజు అయితే ఏకంగా యాభై. "సూసినారా, పేరు పెట్టేసరికి బిడ్డ ఎట్లా పెరుగుతాండాదో" అని నేను ఇంట్లో అందరికీ చెప్పాను. మండీలో కూడా చెప్పుకున్నాను.

రేణుక మాత్రం మూడో రోజు నుంచే ఒక మాట అంటోంది.

"మామా, ఇది తాగలా. నాలుగు గుక్కలు తాగుతాది, అట్లే నిద్రపోతాది. రొమ్ము పట్టే బలం ల్యా."

"కడుపు నిండింది, నిద్రపోతాది. యాల లేపేది?" అంది అమ్మ.

చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్లు కూడా, "ఏడుపే వినబడదే, ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకునిపోయారు. ఉగ్గుగిన్నెను అత్త తోమి బోర్లించేసింది. "తల్లి రొమ్ముండంగా గిన్నె యాలమ్మా? గిన్నెకు మరిగితే రొమ్ము మరుస్తాది" అంది. ఇద్దరు అవ్వలూ ఏకమైన ఒకే ఒక్క విషయం అది.

పదో రోజు రేణుక మళ్లీ నా దగ్గరికి వచ్చింది. "గుడ్డలు తడవడం తగ్గింది మామా. నిన్నంతా మూడే. ఒకసారి మదనపల్లెకు పోదాం" అంది. నేను ఆమెను చెయ్యి పట్టుకుని క్యాలెండరు దగ్గరికి తీసుకుపోయాను.

"ఈ అంకెలు సూడు. రోజూ పెరుగుతాండాది. తూకం అబద్ధం చెప్తాదా? నీకు అనుమానం జబ్బు పట్టింది."

జబ్బు అన్నాను. బిడ్డను కన్న మనిషిని, రోజుకు పదిసార్లు ఆ బిడ్డ నోటికి రొమ్ము అందించి చూస్తున్న మనిషిని పట్టుకుని ఆ మాట అన్నాను. రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతోంది. రేణుక చెయ్యి విడిపించుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత నాతో పాల సంగతి ఎత్తలేదు. ఆమెకు నమ్మకం కుదిరిందని అనుకున్నాను నేను.

వారానికి చూపించమన్న డాక్టరు దగ్గరికి ఒక్కసారీ పోలేదు. చలిగాలి అన్నాం, బస్సులో జనం అన్నాం, మండీలో సరుకు ఎక్కువగా ఉందని నేను అన్నాను. అన్నింటికీ మించి అంకెలు బాగున్నాయి గదా అనుకున్నాం.

డిసెంబరు, మదనపల్లె

పదిహేడో రోజు పొద్దున, పది గంటలప్పుడు, మండీ వాచ్‌మన్ వచ్చి "రెడ్డెప్పా, మీ ఇంట్లోవాళ్లు వచ్చినారు" అన్నాడు. గేటు దగ్గర క్రేట్ల లారీలకు పక్కగా రేణుక నిలబడి ఉంది. తలకు గుడ్డ చుట్టుకుని, బిడ్డను గుండెకు అదుముకుని ఉంది. కాళ్లకు చెప్పులు చెరొక జతవి. పుంగనూరు బస్సు దిగి నేరుగా నడిచి వచ్చేసింది. వెనకాల అమ్మ రొప్పుతూ వస్తోంది.

"చెప్తే వినలేదు నాయనా. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే పోతా అనింది," అంది అమ్మ.

"పొద్దున నుంచి లేపినా లేవలా," అంది రేణుక. "డాక్టరు దగ్గరికి నువ్వొస్తావా, నేనే పోయేదా?"

"నిన్న గూడా ఇరవై పెరిగింది గదమ్మే..."

"నీ కాటా సంగతి నాకు చెప్పొద్దు."

నేను చేతులు కూడా కడుక్కోకుండా ఆమె వెనక నడిచాను.

డాక్టరు దగ్గర తూకం వేసే సిస్టర్ బిడ్డను చూడగానే, "అన్నీ విప్పాలమ్మా, ఏమీ ఉండకూడదు" అంది. దుప్పటి విప్పింది. లోపలి గుడ్డ, స్వెట్టరు, టోపీ, మేజోళ్లు. తర్వాత కాలి కడియాలు తీసి పక్కనున్న స్టీలు ట్రేలో వేసింది. చేతి మురుగులు వేసింది. తాయెత్తు. చివరికి మొలతాడు. ఒక్కొక్కటి టంగుమని పడుతుంటే నేను ఇంకా ఏమీ అర్థం కాని వాడిలా చూస్తూ నిలబడ్డాను.

అన్నీ పోయాక బిడ్డ కనిపించింది. పదహారు రోజులుగా నేను చూసింది టోపీకి, దుప్పటికి మధ్యన ముఖం ఒక్కటే. ఇప్పుడు తొడల మీద చర్మం ముడతలు పడి వదులుగా వేలాడుతోంది. పక్కటెముకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. అంత చలిలో బట్టలు విప్పినా ఏడవలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సిస్టర్ కాటా మీద కొత్త గుడ్డ పరవడానికి, "ఒక్క నిమిషం పట్టుకోప్పా" అని బిడ్డను నా చేతుల్లో పెట్టింది. అడిగి పెట్టలేదు, పెట్టేసింది.

పుట్టిన తర్వాత నా కూతురిని నేను పట్టుకోవడం అదే మొదటిసారి. సగం ఖాళీ అయిన క్రేటును నిండుదని అనుకుని ఎత్తితే చేతులు ఒక్కసారిగా పైకి లేచిపోతాయి. నా చేతులు అట్లా పైకి లేచిపోయాయి. రెండు కిలోలకు పైగా ఉందని నిన్న నా చేత్తోనే రాశాను. చేతుల్లో ఉన్నది కిలో ఏడు వందలు కూడా లేదు. కాటా మీద పెట్టకముందే నాకు తెలిసిపోయింది.

కిలో ఆరు వందల నలభై. కుప్పం నుంచి ఇంటికి తెచ్చిన రోజు కన్నా తక్కువ.

"మీ కాటా తప్పమ్మా," అన్నాను.

సిస్టర్ బిడ్డను రేణుకకు ఇచ్చి, దుప్పటి, స్వెట్టరు, టోపీ, గుడ్డలు, ట్రేలోని వెండి అంతా పోగు చేసి కాటా మీద పెట్టింది. ఏడు వందల డెబ్బై. నేను రోజూ తీసేసింది మూడు వందల యాభై. మిగిలిన నాలుగు వందల ఇరవై గ్రాముల వెండినీ ఉన్నినీ నేను నా కూతురు అనుకున్నాను. యాభై పెరిగిందని మండీలో చెప్పుకున్నది మొలతాడు బరువు.

వాటిని కట్టడం నాకు తెలియదని చెప్పను. నా కళ్ల ముందే కట్టారు. చూసి నవ్వుకున్నాను కూడా. తెలిసినా లెక్కలోకి రాలేదు. క్రేటుకు ఇంత అని ఒకసారి అనుకున్నాక మళ్లీ క్రేటు వైపు చూడని అలవాటు నాది.

పిల్లల డాక్టరమ్మ వచ్చి బిడ్డ అరికాలిని వేలితో మీటింది. అది సన్నగా మూలిగి మళ్లీ కళ్లు మూసుకుంది. "ఇది నిద్ర కాదప్పా. లేచే శక్తి లేక పడుకొని ఉంది. తాగితే బలం, బలముంటే తాగేది. రెండూ లేవు," అంది. "ఇంకో రెండు రోజులు ఆగుంటే" అని మొదలుపెట్టి, రేణుక ముఖం చూసి ఆ మాట మింగేసింది. అప్పటికప్పుడు బిడ్డను లోపలికి తీసుకుపోయి మళ్లీ ముక్కులో గొట్టం వేశారు.

నేను వరండాలో నేల మీద కూలబడ్డాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒళ్లో వెండి మూట. "దిష్టి తగలకూడదని కట్టినా గానీ నాయనా, ఇట్లవుతాదని కలగన్నానా" అని ఏడ్చింది. ఆమె మీద అరవడానికి నోరు తెరిచాను. అరిచి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది. కానీ ఏమని అరిచేది? కట్టడం ఆమె పని, తీసేయడం నా పని.

రేణుక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పాలు పిండి గిన్నె నా చేతికిచ్చేది, నేను లోపలికి ఇచ్చి వచ్చేవాడిని. నాలుగో రోజు ఎదురుగా కూర్చుని, గట్టిగా కూడా కాదు, మామూలుగా అంది.

"నీ కాటాను నమ్మినావు. నన్ను నమ్మలా."

"తప్పు నాదే రేణుకా," అన్నాను.

"తెలుసులే. గిన్నె కడుక్కోని రా."

నేను పోయి గిన్నె కడిగి వేడినీళ్లు పోసి తెచ్చాను. అదివరకు ఆ గిన్నెను నేను ఎప్పుడూ తోమింది లేదు.

ఐదో రోజు సిస్టర్ నన్ను పిలిచి, "చొక్కా విప్పప్పా" అంది. ఆ గది నిండా బాలింతలు, వాళ్ల అమ్మలు. మండీలో రోజంతా బనియన్‌తోనే తిరిగే మనిషిని నేను, అక్కడ మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను. తండ్రి ఒంటి వేడి తగిలినా బిడ్డకు బలమేనంట, తల్లికి కూడా కాస్త నడుము వాల్చే తీరిక దొరుకుతుందంట. బిడ్డను నా రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి గుడ్డతో కట్టేసింది. నేను ఊపిరి గట్టిగా తీయడానికి కూడా భయపడ్డాను. గంటసేపు కదల్లేదు. ఒళ్లంతా చెమట. బిడ్డ బరువు చేతులకు కాక గుండెకు తెలుస్తోంది, ఎంత అని మాత్రం చెప్పలేను.

రోజూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట అదే నా పని. మండీకి సెలవు పెట్టేశాను. ఎనిమిదో రోజు సాయంత్రం అనుకుంటాను, నా మీద పడుకున్న బిడ్డ తల అటూ ఇటూ తిప్పింది. పిడికిలి నోట్లో పెట్టుకుంది. తర్వాత నోరు తెరిచి నా చర్మాన్ని చప్పరించడం మొదలుపెట్టింది.

"రేణుకా! దీనికి ఆకలవుతాండాది! రా రా!" అని అరిచాను.

గదిలో అందరూ పకపకా నవ్వారు. ఒక ముసలామె "ఆడ ఏముండాదని వెతుకుతాండాది పాపం" అంది. నవ్వనీ. నా కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. రేణుక పరుగున వచ్చి బిడ్డను అందుకుంది, అందుకుంటూ ఆమె కూడా నవ్వింది. ఆ రోజు బిడ్డ రొమ్ము పట్టి, మింగుతున్న చప్పుడు నాకు వినిపించేంత గట్టిగా తాగింది. మధ్యలో నిద్రపోతే రేణుక చెవి తమ్మె నిమిరి లేపింది. మళ్లీ తాగింది. మిగతా పాలు గిన్నెతో నేనే పట్టాను, సగం గడ్డం మీదే పోయాయి.

పన్నెండు రోజులకు మళ్లీ ఇంటికి వచ్చాం. వస్తూనే పప్పుల కాటాను అంగడికి తిరిగి ఇచ్చేశాను. క్యాలెండరు చించేశాను. అత్త ఉగ్గుగిన్నెను గూట్లో మొదటి వరుసలో, కళ్లకు ఎదురుగా పెట్టింది. వెండి మూట అమ్మ పెట్టె అడుగుకు పోయింది, ఇప్పటికీ ఇద్దరు అవ్వల్లో ఒక్కరూ దాని ఊసెత్తలేదు. మండీలో మాత్రం ఏమీ మారలేదు, క్రేటుకు ఇంత అని తీసేస్తూనే ఉన్నాం. తీసేసిన ప్రతిసారీ నాకు ఆ ట్రే కనిపిస్తుంది.

ఇట్లాంటి బిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. ఏడవడం లేదని మురిసిపోకండి. రోజుకు గుడ్డలు ఎన్ని తడుస్తున్నాయో చూడండి. రమ్మన్న రోజు డాక్టరు దగ్గరికి పోండి, బిడ్డను నూలుపోగు లేకుండా తూచమనండి. పెద్దపంజాణి పెద్దమ్మ నాకు చెప్పిందీ, నేను విననిదీ అదే, పాలు ఎంత తాగిందో అడగండి. అడగాల్సింది తల్లిని.

ఫిబ్రవరి

మొన్న మళ్లీ మదనపల్లెకు చూపించడానికి పోయాం. అమ్మ కూడా వచ్చింది. అదే సిస్టర్. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది, మరిచిపోయే బాపతా మేము. బిడ్డ బట్టలు నేనే విప్పాను. నడుముకు ఒక నల్లదారం ఉంది. అమ్మ ముందుకొచ్చి దాని ముడి విప్పడం మొదలుపెట్టింది.

"దారమే గదమ్మా, అదెంత తూగుతాది, ఉండనీ," అంది సిస్టర్.

"ఎంతైనా గానీ, తీసేయాల్సిందే," అంది అమ్మ.

సిస్టర్ నా వైపు తిరిగింది. "ఏమప్పా, ఇంట్లో ఎంత తూగింది?" అని నవ్వుతూ అడిగింది.

"ఇంట్లో కాటా ల్యామ్మా. ఇచ్చేసినా."

"మరి పెరిగిందో లేదో ఎట్లా తెలుస్తాది?"

"ఈమెను అడుగుతా," అన్నాను రేణుకను చూపించి.

"ఏం చెప్పింది?"

"తాగుతాండాది అనింది."

సిస్టర్ బిడ్డను కాటా మీద పెట్టింది. నేను అంకె చూశాను, చూడకుండా ఉండేంతగా ఏమీ మారలేదు నేను. రేణుక మాత్రం చూడలేదు. భువన పిడికిలి నోట్లో పెట్టుకుని గట్టిగా ఏడుపు అందుకుంది, రేణుక తొందరగా ఇవ్వమని రెండు చేతులూ చాచి నిలబడింది.